రవాణా మంత్రి గారూ, మూడు నెలలు ఎప్పుడో అయిపోయాయి, మీ కంప్యూటరుకు ఎవరు చెప్తారు?

రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా డ్రైవరు లైసెన్సు సస్పెన్షను గడువు తీరినా మీ సైటులో తీయలేదని అర్జీలు పెట్టీ పెట్టీ విసుగొచ్చి, ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను. మాట కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి, మర్యాదగా రాసినవన్నీ ఇప్పటికే మీ ఆఫీసుల్లో ఉన్నాయి.

నాకున్నది ఒక్కటే టాక్సీ. దాన్ని నడిపే అబ్బాయి తన సొంత బైకు మీద హెల్మెట్ లేకుండా దొరికాడు. మోటారు వాహనాల చట్టం 194-డి సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షను. తప్పు చేశాడు, శిక్ష పడింది, దాని మీద నాకేం పేచీ లేదు. ఆ మూడు నెలలూ ఇంకో డ్రైవరుకు రోజు బత్తా ఇచ్చి బండి తిప్పుకున్నాను. రిఫ్రెషర్ ట్రైనింగు చేస్తేనే లైసెన్సు వెనక్కిస్తామంటే అదీ చేశాడు. సర్టిఫికెట్టు పట్టుకెళ్తే అందినట్టు ఇన్‌వర్డు ముద్ర కొట్టి తీసుకుని, కార్డు చేతిలో పెట్టి ఇక నడుపుకోవచ్చు పో అన్నారు. నడుపుకున్నాడు.

తర్వాత కాజా టోల్ ప్లాజా దాటాక ముందు పోయే లారీ సడన్ బ్రేకు వేస్తే మా బండి వెళ్లి దానికి గుద్దుకుంది. దేవుడి దయ, మనుషులకేం కాలేదు. బానెట్టు మడతపడింది, రేడియేటరు పగిలింది, ముందు అద్దం పోయింది. షెడ్డుకొచ్చిన ఇన్సూరెన్సు సర్వేయరు ఫొటోలు తీసుకుని, అబ్బాయి లైసెన్సు నంబరు అక్కడే నిలబడి, లైసెన్సుల వివరాలుండే సర్కారు వారి సారథి సైటులో కొట్టి, ఫోను నా వైపు తిప్పాడు. సస్పెండెడ్ అని ఉంది. కార్డు చూపించాను, ఇన్‌వర్డు ముద్రున్న జిరాక్సు చూపించాను. "మేడమ్, మాకు ఆన్‌లైన్‌లో ఏముంటే అదే" అన్నాడు. ప్రమాదం నాటికి డ్రైవరుకు చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు కాబట్టి క్లెయిము ఇవ్వబోమని తర్వాత లెటరొచ్చింది.

ఇక మీ వాళ్ల దగ్గరికి తిరగడం మొదలైంది. ఒకసారి సర్వరు లేదు. ఒకసారి ఆ సీటాయన లీవు. ఇంకోసారి అన్నిటికన్నా మంచి మాట చెప్పారు: సస్పెన్షను తీసే ఆప్షను మా లాగిన్‌లో రాదమ్మా, పైకి రాశాం అని. ఆ పైన అంటే ఏ అంతస్తో అడిగితే నవ్వారు. వేసేటప్పుడు మాత్రం ఆప్షను ఎవరి లాగిన్‌లో ఉందో గానీ చకచకా పడిపోయింది! సోమవారం గ్రీవెన్సులో కలెక్టరేటుకెళ్లి అర్జీ ఇస్తే, మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోనుకు మెసేజొచ్చింది. సంతోషంగా సైటు తెరిచి చూస్తే మళ్లీ అదే సస్పెండెడ్. ఏం పరిష్కరించారో చెబితే మేమూ సంతోషిస్తాం సార్.

ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కితే 2,000 ఫైను, మళ్లీ దొరికితే 4,000. కాబట్టి మేం కడతాం, ఎదుటివాళ్ల నష్టానికిచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే కాదు, మా బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ కూడా కలిపి కడతాం. తీరా అక్కరకొచ్చే రోజున మీ ఆఫీసులో ఎవరో ఒక బటన్ నొక్కలేదని ఆ కట్టిందంతా గంగపాలు. అద్దం, రేడియేటరుతో పోయింది కాబట్టి సరిపోయింది, అదే లారీ క్లీనరుకు ఏ కాలో చెయ్యో పోయి ఉంటే? అదే చట్టంలో 150వ సెక్షను చూపించి, కంపెనీ అతనికి కట్టిన పరిహారమంతా నా దగ్గర రాబట్టుకునేది. ఉన్న ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చేది.

డ్రైవరును పెట్టుకునేటప్పుడు ఓనరు లైసెన్సు చూసి, బండి నడపడం వచ్చో రాదో చూసుకుంటే చాలు, అది అసలుదో కాదో ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఆరా తీయక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పిందట. ఆ మాటే కంపెనీ వాళ్లతో అంటే, అది నకిలీ లైసెన్సు కేసు మేడమ్, మీది సస్పెన్షను అన్నారు. అంటే అబ్బాయి దగ్గర దొంగ లైసెన్సున్నా నా పని నయంగా ఉండేదన్నమాట.

బండి షెడ్డులో ఉంది, కిస్తీ మాత్రం ఆగదు, నెల తిరిగేసరికి బ్యాంకు మెసేజు ఠంచనుగా వస్తుంది. ఆ అబ్బాయి ఇంకో బండి ఎక్కుదామన్నా భయమే, సస్పెన్షనులో నడిపాడని 182వ సెక్షను కింద రాస్తే 10,000 ఫైను, జైలు కూడా ఉందట. చెయ్యని నేరానికి! "అక్కా, జీతంలో కోసుకో" అంటున్నాడు పిచ్చోడు, ఏం కోసుకోను, జీతమిచ్చే బండే లేదు.

దయచేసి ఆ స్టేటస్ మార్పించండి. మాదొక్కటే కాదు, గడువు అయిపోయి ట్రైనింగు కాగితం ఇచ్చిన ప్రతివాళ్లదీ అదే రోజు మారాలి. ప్రమాదం రోజుకు సస్పెన్షను లేదని పాత తేదీతో సహా కనపడాలి, లేకపోతే ఇవాళ మార్చినా కంపెనీ ఒప్పుకోదు. సస్పెండ్ చేసేటప్పుడు అతను నడిపే బండి ఓనరుకు కూడా ఒక మెసేజు పంపండి, పరిష్కరించాం అని పంపడం వచ్చు కదా, ఇదీ పంపొచ్చు. ఇవేవీ కుదరవంటే కనీసం, గడువు ఫలానా తేదీకి ముగిసింది, సైటులో మార్చకపోవడం మా ఆఫీసు ఆలస్యమే అని సంతకం పెట్టి ఒక కాగితం ఇప్పించండి. కన్స్యూమర్ కమిషన్‌లో వేసుకుంటాను.

ఇట్లు,
ఒక టాక్సీ ఓనరు