నెపం కొండ మీద పెట్టినందుకు

మా అంగడిలో ఎఫ్.ఎం. ఏరియల్ కొని మిద్దె మీద బిగించుకున్న వారందరికీ నమస్కారం.

కార్తీక మాసపు వానలు వెలిసినప్పటి నుంచి మీలో చాలామంది నాకు ఒకే మాట చెబుతూ వచ్చారు. పాత పాటలు వచ్చే వేళకు ఆకాశవాణి తిరుపతి 103.2 సరిగా అందడం లేదని, ఘంటసాల గొంతు మీద ఇసుక పోసినట్లు గరగర వినిపిస్తోందని అన్నారు. చంద్రగిరి నుంచి భాకరాపేట దాకా అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ఒకే జవాబు చెప్పాను. శేషాచలం కొండలు అడ్డం వస్తున్నాయి, అంతకు మించి మనం చేయగలిగింది లేదన్నాను. మీలో ఎక్కువమంది విషయంలో ఆ జవాబు తప్పు. లోపం నేను అమ్మిన ఏరియల్‌లో ఉంది. మిగిలిన కొద్దిమందికి నిజంగానే కొండ అడ్డం ఉంది. అయితే ఆ సంగతి తెలిసిన నేను వారికి ఏరియల్ అమ్మకుండా ఉండవలసింది.

నా కళ్లు తెరిపించినవారు చంద్రగిరిలో ఉండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. నా జవాబు మూడోసారి విన్న తర్వాత ఆయన ఇలా అన్నారు: "కొండ ఆడ్నే ఉండాది నాయినా. నువ్వు ఏరియల్ పెట్టకముందూ ఉండాది, పెట్టినాకా ఉండాది. ముందర రేడియో కడ్డీతోనే కొంచమన్నా వినబడేది, ఇప్పుడు అదీ లేదు." ఇరవై ఆరేళ్లుగా రేడియోలు విప్పి బిగిస్తున్న నాకు తట్టవలసిన మాట ఆయనకు తట్టింది. ఆ సాయంత్రమే ఆయన మిద్దె ఎక్కి ఏరియల్ దించి అంగడికి తెచ్చాను.

నడుమ ఉండే ప్లాస్టిక్ డబ్బీ విప్పగానే సంగతి తెలిసింది. మనం వాడేది మడత డైపోల్, అంటే రెండు చివరలనూ వెనక్కి మడిచి కలిపిన కడ్డీ. 103.2 మెగాహెర్ట్జ్‌కు దాని కడ్డీ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 1.38 మీటర్లు ఉండాలి, ఉంది. అయితే ఆ కడ్డీ నిరోధం దాదాపు 300 ఓమ్‌లు, కిందికి దిగే కేబుల్‌ది 75 ఓమ్‌లు కనుక, ఆ రెండింటినీ కలపడానికి డబ్బీలో చిటికెన వేలి గోరంత ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసే నల్లటి అయస్కాంత పదార్థం) ముక్క మీద చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండాలి. దానినే బాలన్ అంటాం. ఆ డబ్బీలో అది లేదు. కేబుల్ తీగలను నేరుగా కడ్డీకి అతికించారు, అందులోనూ ఒకదానికే టంకం పెట్టి రెండోదాన్ని ఊరికే మెలితిప్పి వదిలేశారు. బాలన్ లేకపోతే అందిన సిగ్నల్‌లో మూడో వంతుకు పైగా రేడియోకు చేరకుండా వెనక్కి మళ్లుతుంది. అది ఒక్కటే అయితే ఊరికి దగ్గరున్న ఇళ్లలో తెలిసేది కాదు. కేబుల్ అంతకన్నా అన్యాయంగా ఉంది. పైపొర చీల్చి చూస్తే, మెరుస్తూ ఉండవలసిన అల్లిక తీగ నల్లటి పొడిగా రాలింది. ఆ ముక్కను రాత్రి బల్ల మీద పాత పేపరు పరిచి ఉంచాను. తెల్లవారి చూస్తే పేపరు మీద కేబుల్ పొడవునా తడి గీత కనిపించింది. డబ్బీలోకి దిగిన వాన నీరు ఆరడుగుల మేర కేబుల్ లోపలికి పాకి, దిగే దారి లేక అక్కడే నిలిచిపోయింది.

ఈ ఏరియళ్లను మాకు పంపేది చెన్నైలోని ఒక వ్యాపారి. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే తెప్పిస్తున్నాను. మొదట్లో వచ్చిన ప్రతి డబ్బీనీ విప్పి చూసేవాణ్ణి, ఎన్నడూ వంక పెట్టవలసిన అవసరం రాలేదు కనుక తర్వాత తర్వాత చూడడం మానేశాను. నిరుడు వచ్చిన సరుకులో డబ్బీ అదే, రంగు అదే, చీటీ అదే, ధర కూడా అదే. లోపలి సామాను మారిన సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. ఫోన్ చేసి అడిగితే, బాలన్ చుట్టే మనిషి మానేశాడని, కేబుల్ రాగి ధర పెరిగిందని, ఇప్పుడు వచ్చేదంతా ఇలాగే ఉంటుందని చెప్పారు. అంతవరకు వ్యాపారంలో కష్టాలనుకుని ఊరుకునేవాణ్ణి. ఆ తర్వాత, "ఈ కాలంలో రేడియోకు ఏరియల్ ఎవరు సార్ కొంటారు, మీ ఊళ్లో మీరొక్కరే అడుగుతున్నారు" అన్నారు. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. అడిగేది ఒక్కరే అయినా డబ్బు తీసుకున్న తర్వాత డబ్బీలో ఉండవలసింది ఉండాలి. నేను అడిగింది నా కోసం కాదు, ముప్పై ఒక్క ఇళ్ల వారి కోసం. ఆయనతో లావాదేవీ ఆ రోజుతో ముగించాను. ఆయన సగం డబ్బు వాపసు ఇస్తానన్నారు, నేను తీసుకోలేదు. తీసుకోవలసిందని మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ అంటున్నారు.

ఆ ముప్పై ఒక్క ఇళ్లలో ఇరవై రెండు తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట వైపు ఉన్నాయి. ఈ ఇళ్లకు దిగులు పడవలసిన పని లేదు. మిగిలిన తొమ్మిదింటి సంగతే నన్ను పదిహేను రోజులు నిద్ర పోనివ్వలేదు. ఇవి రంగంపేట దాటి ఘాట్ ఎక్కి దిగిన తర్వాత, భాకరాపేట, నెరబైలు చుట్టుపక్కల ఉన్నాయి. ఈ 103.2 ఎఫ్.ఎం. అల పొడవు మూడు మీటర్లు కూడా ఉండదు. అది దాదాపు చూపు ఆనే దారిలోనే సాగుతుంది, కొండ శిఖరం దగ్గర కాస్త వంగి అవతలికి చేరేది చాలా తక్కువ. ఆ తక్కువ కూడా రాళ్ల మీద తగిలి రెండు మూడు దారుల్లో వచ్చి ఒకదాన్నొకటి చెరుపుకుంటుంది. అందుకే అక్కడ ఏరియల్‌ను జానెడు జరిపితే పాట వస్తుంది, మరో జానెడు జరిపితే పోతుంది. బూస్టర్ పెడితే పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. ఇవన్నీ తెలిసే, "పెట్టి చూద్దాం, దేవుడి దయ" అని బిగించి ఒక్కొక్కరి దగ్గర 1,450 రూపాయలు తీసుకున్నాను. అప్పటి నా ఆశ నిజమే, దానికి మీరు డబ్బు కట్టడం న్యాయం కాదు.

వారికి కొత్త ఏరియల్ ఇవ్వాలా, డబ్బు తిరిగి ఇవ్వాలా అన్నది తేల్చుకోలేకపోయాను. మంచి ఏరియల్ పెడితే ఇప్పటికన్నా బాగుంటుంది, ఆ మాట నిజం. అయితే అది కూడా చాలదని, వచ్చే వానాకాలానికి మళ్లీ నేను కొండ పేరే చెబుతానని నాకు తెలుసు. చివరకు బిగింపు కూలితో సహా మొత్తం డబ్బు ఇచ్చేసి, ఏరియళ్లు దించేయాలని నిశ్చయించుకున్నాను. మొదట నెరబైలులో ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె మంచం పక్క గూట్లో రేడియో పెట్టుకుని, గరగరలోనే ఏ.ఎం.రాజా పాట వింటోంది. ఆయన మన చిత్తూరు జిల్లాలో పుట్టినవాడని నాకు చెప్పింది కూడా ఆమే. డబ్బు చేతిలో పెడితే తీసుకుంది, నిచ్చెన వేయబోతే మాత్రం ఒప్పుకోలేదు. "వచ్చినంత మటుకు రానీ సామీ, నాకు పాట తెలుసు, మిగతాది నేను కలుపుకుంటా" అంది. ఆ ఏరియల్ అక్కడే ఉంది. దానికి బాలన్ చుట్టి, కేబుల్ మార్చి వచ్చాను. మిగిలిన ఎనిమిది ఇళ్ల వారు కూడా దించవద్దంటే దించను. డబ్బు మాత్రం తీసుకోవాలి.

కొండ వెనక ఊళ్ల వారికి నేను ఇప్పుడు చెప్పగలిగింది మీడియం వేవ్. కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ అల పొడవు 333 మీటర్లు; అది నేలను అంటుకుని వస్తుంది, కొండకు జంకదు. భాకరాపేటలో పగటిపూట నేనే పెట్టి విన్నాను. అందులో ఎఫ్.ఎం. స్పష్టత ఉండదు, పాటలు ఆ కేంద్రం ఇష్టమైనవి వస్తాయి, చీకటి పడితే దూరపు స్టేషన్లు వచ్చి మీద పడతాయి. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, సెల్ చార్జరు దగ్గర ఉంటే జోరీగ మోత వస్తుంది కనుక రేడియోను వాటికి దూరంగా, వాకిట్లోకి తెచ్చుకోవాలి. మీడియం వేవ్‌కు పైన లాగే కడ్డీతో పని లేదు, అలను పట్టేది లోపలి ఫెర్రైట్ కడ్డీ, అది ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదే ముఖ్యం. పెట్టెనే నెమ్మదిగా తిప్పుతూ గొంతు తేటపడిన చోట ఆపాలి. పాత సెట్లలో మీడియం వేవ్ బ్యాండ్ చచ్చిపోయి ఉంటే ఉచితంగా బాగు చేస్తాను.

ఇద్దరు ముగ్గురు, ఊళ్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి పాటలు వేయమని అడిగారు. లైసెన్సు లేకుండా అది నేరం, నేను చేయను. 2002 నుంచి విద్యాసంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల ఊళ్లకు మాత్రమే వినిపించే చిన్న స్టేషన్, పెట్టుకునే అనుమతి ఉంది. దాని బలం మామూలుగా 100 వాట్లకు మించకూడదు, పదీ పన్నెండు కిలోమీటర్లు అందుతుంది. కొండ వెనక అలాంటి సంస్థ ఏదైనా ముందుకు వస్తే స్తంభం మీది ఏరియల్ పని కూలి తీసుకోకుండా చేసిపెడతాను.

వేల పాటలు నింపిన పెట్టెలు తెప్పించి అమ్మమని కూడా చాలామంది అంటున్నారు. మా అంగడిలో అమ్మను. అవి చెడ్డవని కాదు, గాంధీ రోడ్డులో ఏ అంగట్లో అడిగినా దొరుకుతాయి. వచ్చే పాట ఏదో తెలియకుండా, ఎక్కడో కూర్చున్న మనిషి మన కోసం ఏరి వేస్తుంటే వినడానికి రేడియో పెట్టుకున్న వారి కోసమే నేను ఈ అంగడి తెరిచాను. అద్దె కట్టగలిగినంత కాలం అలాగే నడుపుతాను.

ఇరవై రెండు ఇళ్ల వారికి ఏరియళ్లు నేనే తయారు చేస్తున్నాను. బాలన్ నా చేత్తో చుడతాను, కేబుల్ అసలైన రాగిది, డబ్బీ మూత చుట్టూ సీలెంట్ వేసి, కేబుల్‌ను మీ గోడలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిప్పి వదులుతాను, నీళ్లు అక్కడే కారిపోతాయి. రోజుకు రెండుకు మించి కావడం లేదు కనుక కాస్త ఓపిక పట్టాలి. మొదటిది హెడ్మాస్టరు గారి మిద్దె మీద నిన్న బిగించాను. ఆయన రేడియో పక్కన కూర్చుని ఏడు గంటల దాకా విన్నారు, నన్ను మాట్లాడనివ్వలేదు. మిగిలిన వారి ఇళ్లకు ప్రతి ఆది, బుధవారాల్లో వస్తాను. నిచ్చెన నేనే తెస్తాను. డబ్బీ మూత బిగించే ముందు లోపల ఏముందో మీకు చూపించి మరీ బిగిస్తాను.