మా నాన్న డబ్బు కోసం తలో చెయ్యి వేసిన వాళ్లకు

ఆన్‌లైన్ మోసంలో 48 వేలు పోతే 31 వేలు వెనక్కి వచ్చాయి. వాషింగ్ మెషిన్ కూడా మార్చి ఇచ్చారు. ఇందులో మా గొప్పేమీ లేదు, అంతా సాయం చేసిన వాళ్ల చలవే. పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది. నాన్న కూడా "దాచుకోవడానికేముంది, రాయి" అన్నారు.

జరిగింది ఇదీ. కొత్త మెషిన్‌లో డ్రమ్ము తిరగడం మానేసింది. షోరూమ్ వాళ్లు కంపెనీని అడగమన్నారు, కంపెనీ ఏమో ఫోన్ ఎత్తదు. నాన్న గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే పైన కనబడిన నంబరు దొంగలది. కంప్లయింట్ రిజిస్టర్ కావాలంటే పది రూపాయలు కట్టాలని, అందుకు వాట్సాప్‌లో పంపిన యాప్ వేసుకోమని వాడు చెప్పాడు. మన స్క్రీన్ మీద ఏం కనబడినా వాడికీ కనబడేలా చేసే యాప్ అది. ఓటీపీతో సహా. కాసేపట్లో రెండు విడతలుగా డబ్బు పోయింది.

అందరికన్నా ముందు మా పై పోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయికి థ్యాంక్స్. అప్పుడు నేను ఊళ్లో లేను. అమ్మ కేక వేస్తే పరుగున కిందికొచ్చింది. "ఎందుకు నమ్మారంకుల్" అన్న మాట ఆ పిల్ల నోటి నుంచి రాలేదు. ముందు నాన్న ఫోన్ తీసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టింది. వాడి ఆట అక్కడితో కట్టు. తర్వాత తన ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టింది. ఏ బ్యాంకు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, ట్రాన్సాక్షన్ నంబరు ఎంత అని వాళ్లు అడుగుతుంటే, నాన్న చేతులు వణుకుతూ ఎస్సెమ్మెస్ వెతుకుతున్నారట. "తొందరేం లేదంకుల్, నేను చూస్తా" అని తనే ఆ పన్నెండు అంకెల ట్రాన్సాక్షన్ నంబరు (యూటీఆర్) ఒక్కో అంకె చొప్పున చదివి వినిపించింది. నిజానికి తొందర చాలానే ఉంది. ఆ సంగతి నాన్నకు తెలియనివ్వలేదంతే.

1930లో మాట్లాడినావిడకు కూడా నమస్కారం. అక్కడ ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు వెళ్లిన బ్యాంకుకు సమాచారం పోతుంది, ఆ ఖాతాలో మిగిలున్న సొమ్మును వాళ్లు కదలకుండా ఆపేస్తారు. అప్పటికే ఇంకో ఖాతాకు దాటించి ఉంటే ఆ బ్యాంకుకూ చెబుతారు. మా 31 వేలు అలా దొరికినవే. మిగతా 17 వేలు అప్పటికే ఏటీఎంలో డ్రా చేసేశారు. ఆ పిల్ల ఇంకో గంట ఆలస్యంగా వచ్చుంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదేమో.

బ్యాంకు కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్ గారు ఉత్తుత్తి ఆశలు పెట్టలేదు. మూడు పనిదినాల్లోపు చెబితే పూర్తి డబ్బు వస్తుందని ఎవరో అనడంతో నాన్న ధీమాగా వెళ్లారు. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఆ ఆదేశం కస్టమర్ తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయిన సందర్భానిదని ఆయన విడమరిచి చెప్పారు. మన వైపు నుంచే వివరాలు బయటికెళ్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనది, చెప్పాక పోయేది బ్యాంకుది. చేదుగా ఉన్నా ఉన్నమాట చెప్పారు. ఫిర్యాదు కాపీ మీద సీలు, తేదీ అడగకుండానే వేసిచ్చారు.

ఆపిన సొమ్ము దానంతటదే మా ఖాతాలోకి రాలేదు, మాకు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. తెలంగాణలో ఇలాంటి కేసుల్లో లోక్ అదాలత్ ద్వారా డబ్బు ఇప్పిస్తున్నారని స్టేషన్‌లోని కానిస్టేబుల్ గారే చెప్పారు. తేదీ ఖాయం కాగానే, ఆధార్, స్టేట్‌మెంట్ మర్చిపోవద్దంటూ ఫోన్ చేశారు. పోలీస్ స్టేషన్ అంటేనే టెన్షన్ పడే నాన్న ఇప్పుడు ఆయన్ను "మా తమ్ముడు" అంటున్నారు.

ఇక మెషిన్ సంగతి. ఇది నాన్నతో వాకింగ్‌కు వచ్చే రిటైర్డ్ మాస్టారి పుణ్యం. డబ్బు గొడవలో పడి మేం దాన్ని వదిలేశాం, ఆయన వదల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయించారు. దానికి కంపెనీ "మీరు వాడడంలోనే లోపం" అని జవాబిచ్చింది. అప్పుడు ఆయనే కూర్చుని నోటీసు రాయించి, బిల్లు కాపీ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే చోటే వేయొచ్చని, కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు ఉండదని, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చని, రెండేళ్ల గడువుంటుందని ఆయన చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. కమిషన్ దాకా వెళ్లే అవసరం రాలేదు. నోటీసు అందాక కంపెనీ కొత్త మెషిన్ పంపింది. కంపెనీకి మాత్రం థ్యాంక్స్ చెప్పను, అది వాళ్లు ఎప్పుడో చేయాల్సిన పని.

పై పోర్షన్ అమ్మాయికి అమ్మ చీర పెట్టబోతే వద్దంది. సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా టీవీ సౌండ్ తగ్గించమని అడిగింది. తగ్గించాం.

మాస్టారు రాసిన నోటీసు కాపీ కావాలంటే అడగండి. పేర్లు తీసేసి ఎవరికైనా ఇవ్వమని ఆయనే చెప్పారు.