లారీ డ్రైవర్ల సంఘం వార్షిక నివేదిక, నకిరేకల్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మన పనిలో సగం ఒక్క పుకారు మీదనే గడిచింది. "బరువు ఎక్కువుంటే హెవీ లైసెన్స్ రెన్యువల్ చేస్తలేరట" అన్న మాట దసరా ముందర ఫోన్లలో తిరిగింది. సూర్యాపేట దాబాల నుంచి మిర్యాలగూడ రైస్‌మిల్లుల గేట్ల దాకా అదే ముచ్చట. తేదీ దగ్గరపడ్డా ఆఫీసు మొఖం చూడని సభ్యులున్నారు. అందుకే ముందు ఆ సంగతి.

డ్రైవర్ ఇన్ని కిలోలే ఉండాలన్న నిబంధన మన దేశంలో లేదు. పది టైర్ల లారీకైతే ఉంది. లోడుతో కలిపి 25 టన్నులున్న హద్దును 2018లో 28.5 టన్నులు చేశారు. మనకు కావలసింది ఫారం 1ఎ, అంటే డాక్టర్ సంతకం చేసే మెడికల్ సర్టిఫికెట్. 25 మీటర్ల దూరంలో నంబర్ ప్లేటు కనిపిస్తుందా (అద్దాలు పెట్టుకున్నా సరే), ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవులు వినిపిస్తాయా, కాళ్లు చేతులు బాగున్నాయా అన్నవే అందులో చూసేవి.

పుకారు ఎక్కడ పుట్టిందో ఆరా తీస్తే అమెరికాలో తేలింది. మన సభ్యుని తమ్ముని కొడుకు అక్కడ ట్రక్కు నడుపుతాడు. మెడికల్ కార్డుకు పోతే, లావుగా ఉన్నావు, గురక పెడతావు, నిద్ర పరీక్ష చేయించుకో అన్నారట. నకిరేకల్ చేరేసరికి అది "లావోళ్లకు లైసెన్స్ బంద్" అయింది. నిజానికి అక్కడా బరువుకు గీత లేదు. బీపీకి ఉంది. కార్డు గడువు రెండేళ్లకు మించదు, బీపీ 140/90కి చేరితే ఏడాదికి తగ్గిస్తారు, 180/110కి చేరితే బండి ఎక్కనివ్వరు. గురక సంగతి కూడా ఉత్తది కాదు. రాత్రంతా ఊపిరి ఆగి ఆగి ఆడేవాడికి తెల్లారి స్టీరింగ్ మీద కన్ను మూతపడుతుంది.

మన దగ్గర మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రవాణా లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. తిరుగుడు తగ్గిందని అందరం సంబరపడ్డాం. కానీ అయిదేళ్లలో షుగర్ వచ్చి కళ్లదాకా పోవచ్చు. ఆ మధ్యలో మనల్ని చూసేవాళ్లు లేరు. అయిదేళ్లకోసారైనా సరిగ్గా చూస్తున్నారా అంటే అదీ లేదు. మొఖం చూడకుండా స్టాంపు గుద్ది ఇచ్చే చోట్లు అందరికీ తెలుసు. దాచేదేముంది, పోయినసారి నా సర్టిఫికెట్ కూడా అట్లా తెచ్చుకున్నదే. ఇకమీదట సంఘం తరఫున అట్లాంటి చోటికి ఎవరినీ పంపొద్దని కార్యవర్గం తీర్మానించింది.

మార్కెట్ యార్డు షెడ్డులో పెట్టిన వైద్య శిబిరానికి అనుకున్నదానికంటే తక్కువమంది వచ్చారు. వచ్చినవాళ్లు కూడా కాటా మిషన్ ఎక్కడానికి పెళ్లికొడుకుల్లా సిగ్గుపడ్డారు. డాక్టరమ్మ కిలోలకంటే టేపునే ఎక్కువ నమ్మింది. మగవాళ్లకు నడుం 90 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగర్ చూపించుకోవాలని చెప్పింది. మనవాళ్ల ఒంటి తీరుకు అయిదడుగుల ఆరంగుళాల మనిషి 70 కిలోలు దాటితే లావు కిందే లెక్కట. "గట్లయితే మా క్లీనర్ పోరడు తప్ప అందరం ఓవర్‌లోడే అమ్మా" అని ఒక పెద్దాయన అంటే షెడ్డంతా నవ్వింది.

నవ్వు ఆగింది మర్రిగూడ, చండూరు వైపు సభ్యుల దగ్గర. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి, ఎముకలు బిగుసుకుపోయిన వయసువాళ్లు. మెడ తిప్పమంటే భుజాలతో సహా మొత్తం ఒళ్లు తిరుగుతోంది. అట్లాంటప్పుడు అద్దంలో వెనక వచ్చే బండిని ఎట్లా చూస్తారు? మన జిల్లాలో బరువుకంటే ముందు మెడ, నడుం వంగుతున్నాయా అని చూడాలని నా అభిప్రాయం. కొందరు ఒప్పుకోలేదు. ఉన్న పని పోతుందని భయం. ఆ భయం తప్పనడం లేదు. పక్కనబెట్టాల్సి వస్తే లోడింగ్ పాయింట్ల దగ్గర చూసుకునే పని ఇవ్వమని ఓనర్లతో మాట్లాడుతున్నాం. ఇంకా తేలలేదు.

మిగతావి క్లుప్తంగా. చూపు మందగించినవాళ్లకు సంఘం నిధితో అద్దాలు ఇప్పించాం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబర్‌లో రద్దయ్యేదాకా, రోజుకు ఎనిమిది గంటలే పని అనేది, అయిదు గంటలు నడిపాక అరగంట విరామం అనేది. సిమెంటు లోడు అర్జెంటని ఫోన్ వస్తే ఆ చట్టం ఎవరికి గుర్తుండేది? ఓనర్ల సమావేశంలో దాన్ని గట్టిగా చదివి వినిపించాం, చాయ్ తాగి లేచారు. 2025 జూన్ నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండ్లవాళ్లం యథాప్రకారం కిటికీ గాలికే.

జమాఖర్చుల కాగితం కోశాధికారి దగ్గరుంది. శిబిరానికి రానివాళ్ల కోసం కాటా మిషన్, టేపు ఆఫీసు తలుపు వెనక పెట్టాం. ఎక్కేముందు చెప్పులు విప్పండి. అంకె ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మీ కార్యదర్శి