మున్సిపల్ పార్కు బాస్కెట్‌బాల్ కోర్టు బాగుచేత: జమా ఖర్చుల వివరణ

కాలనీ వాసులకు, చందాలిచ్చిన దాతలకు, రోజూ కోర్టు మీదికి వచ్చే ఆటగాళ్లకు కమిటీ నమస్కారాలు.

గత నవంబరు 1 నుంచి ఈ ఏప్రిల్ 30 వరకు కోర్టు కోసం వచ్చిన సొమ్ము 8,35,812 రూపాయలు. ఖర్చు 6,61,276. మిగులు 1,74,536. ఏ పద్దు ఎందుకు అంత అయిందో, మిగిలింది ఎక్కడుందో కింద రాస్తున్నాం.

చందా అడగడానికి వెళ్లిన చాలా ఇళ్లలో వచ్చిన ప్రశ్న ఒకటే: నేలకు రంగేసి రెండు రింగులు పెట్టడానికి ఇంత కావాలా? రంగుకైతే ఇంత అక్కర్లేదు. బయట కోర్టును పాడుచేసేది ఆట కాదు, నీళ్లు. స్లాబు మీద నిలిచే నీళ్లు, కిందినుంచి ఊరే చెమ్మ, పగుళ్లలో దిగే వాన. వీటి సంగతి తేల్చకుండా వేసిన రంగు రెండో వానాకాలానికే పెచ్చులుగా లేస్తుంది. అందుకే మొదటి డబ్బు నీళ్ల మీద పెట్టాం, రంగు డబ్బాలు అన్నిటికంటే చివర కొన్నాం.

జమ

ఇళ్ల చందాలు, 212 రసీదులు: 4,36,500
ఉద్యోగాల మీద బయట ఊళ్లలో ఉంటున్న పాత ఆటగాళ్లు: 2,85,000
దుకాణాలు, క్లినిక్కులు: 1,10,000
బ్యాంకు వడ్డీ: 4,312
మొత్తం: 8,35,812

విదేశాల్లో ఉన్న మనవాళ్ల విషయంలో ఒక గీత గీసుకున్నాం. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, మనకు లేదు. ప్రేమతో ఇస్తామన్న డబ్బును వద్దనడం మాకూ కష్టంగానే ఉంది. కానీ చట్టం కుదరనివ్వదు కాబట్టి వారి నుంచి ఒక్క రూపాయీ తీసుకోలేదు.

వస్తురూపంలో ఒక టిప్పరు గ్రావెలు వచ్చింది. కాలేజీ పిల్లలు రెండు ఆదివారాలు నాచు గీకి, చెత్త ఎత్తారు. వీటికి ధర కట్టి జమలో చూపించలేదు. పీకిన పాత స్తంభాల ఇనుము మున్సిపాలిటీ ఆస్తి గనుక అమ్మకుండా వాళ్ల స్టోరుకు అప్పగించి రసీదు తీసుకున్నాం. జమలో పాత ఇనుము పద్దు లేకపోవడానికి కారణం అదే.

నేల, నీటి పారుదల: 1,76,010

స్లాబు 30 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు. అంటే 510 చదరపు మీటర్లు, 5,490 చదరపు అడుగులు. నీళ్లు ఒక పక్కకు జారాలంటే మీటరుకు సెంటీమీటరు చొప్పున 17 మీటర్ల వెడల్పుకు 17 సెంటీమీటర్ల వాలు ఉండాలి. ట్యూబ్ లెవెల్ పెట్టి చూస్తే ఉన్నది 11. మొత్తం స్లాబు పగలగొట్టి కొత్తది పోస్తే వాలు సరిపోతుంది గానీ, అది మన చందాలకు అందే పని కాదు. ఉన్న వాలుతోనే నీళ్లు ఆగకుండా చేయడం ఒక్కటే దారి.

పల్లం వైపు కాలువే లేదు. స్లాబు దిగిన నీళ్లు అక్కడే ఇంకి, అంచు కింద మట్టిని మెత్తబరిచాయి. ఈశాన్యం మూల 6 మీటర్లు, 5 మీటర్ల మేర స్లాబు కుంగి ముక్కలైంది. దానికి పక్కనున్న చెట్టు వేర్లూ తోడయ్యాయి. చెట్టు కొట్టలేదు. స్లాబు కిందికి వచ్చిన వేర్ల వరకే కోసి, మళ్లీ ఇటు రాకుండా అంచు వెంట మందపు ప్లాస్టిక్ షీటు నిలువుగా దించాం.

పగిలిన స్లాబు కోత, వేర్లు, శిథిలాల తరలింపు: 21,600
గ్రావెలు పరిచి దిమ్మిస కొట్టడం, ప్లేట్ కంపాక్టరు అద్దె: 9,800
సిమెంటు 70 బస్తాలు, 360 చొప్పున: 25,200
ఇసుక, 20 మి.మీ. కంకర: 17,400
ఇనుము 210 కిలోలు, 66 చొప్పున: 13,860
మిక్సరు, కూలీ: 34,000
కాలువ ఇటుక, జాలీ, కూలీ, 32 మీటర్లు: 52,800
ప్లాస్టిక్ షీట్లు: 1,350

సిమెంటు లెక్క కొందరు అడిగారు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడుతుంది. 30 చదరపు మీటర్లు నాలుగంగుళాల మందంలో పోస్తే 3 ఘనపు మీటర్లు, 24 బస్తాలు. స్తంభాల పునాదులు రెండూ కలిపి 4.32 ఘనపు మీటర్లు, 35 బస్తాలు. మిగతా 11 కాలువకు.

కొత్త ముక్క కింద ప్లాస్టిక్ షీటు పరిచిన తర్వాతే కాంక్రీటు పోయించాం. పాత స్లాబు కింద అది లేదు. అందుకని కాలువ పూర్తయ్యాక, అడుగున్నర పలక ప్లాస్టిక్ ముక్కల్ని నాలుగు పక్కలా టేపు అంటించి రాత్రంతా అక్కడక్కడ ఉంచి చూశాం. పొద్దున షీటు లోపలి వైపు చెమ్మ పడితే ఆ చోట రంగు బుడగలు లేస్తుంది. కుళాయి వైపు రెండు చోట్ల చెమ్మ కనిపించింది. కారుతున్న కుళాయి గొట్టం మార్చి, వారం తర్వాత మళ్లీ చూసి, పొడిగా ఉందని తేలాకే పని ముందుకు కదిలింది. గొట్టం మున్సిపల్ సిబ్బందే మార్చారు, మనకు ఖర్చు పడలేదు.

పగుళ్లు, గుంటలు: 58,280

అన్ని పగుళ్లూ ఒకటి కావు. గోరు కూడా దిగని సన్నటి గీతల్ని అక్రిలిక్ ఫిల్లరు మూసేస్తుంది. కొంచెం వెడల్పున్నవి ఎండకూ చలికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వాటిలో సిమెంటు కూరితే ఏడాది తిరక్కుండా దాని పక్కనే కొత్త పగులు వస్తుంది. వాటిని గ్రైండరుతో 10 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతు గాడిగా కోసి, దుమ్ము ఊది, అవసరమైన చోట అడుగున ఫోమ్ తాడు పెట్టి, సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటు నింపాలి. ఈ కొలత గాడికి మీటరుకు 100 మి.లీ. పడుతుంది. మన కోర్టులో అలాంటి పగుళ్లు 96 మీటర్లు. 600 మి.లీ. ప్యాకెట్లు 16 చాలు, వృథా కలుపుకొని 18 కొన్నాం. సీలెంటు ఆరాక పైన ఫైబరు జాలీ టేపు వేయించాం. ఇంత చేసినా కదిలే పగులు కొన్నేళ్లకు రంగు మీద సన్నటి గీతగా మళ్లీ కనబడుతుంది. అసలు కనబడదని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మవద్దు.

గ్రైండింగు అద్దె, కూలీ: 15,500
సీలెంటు 18 ప్యాకెట్లు, 520 చొప్పున: 9,360
ఫోమ్ తాడు: 1,120
ఫైబరు జాలీ టేపు: 4,800
గుంటలు నింపే అక్రిలిక్ మిశ్రమం: 19,600
ప్రెషర్ వాష్, యాసిడ్ వాష్: 7,900

గుంటలు కంటికి కనబడవు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి కోర్టు మీద వదిలితే సగటున సెంటీమీటరు నీళ్లు నిలిచినంత లెక్క. ఒక గంట ఆగాక రూపాయి బిళ్ల మందం మించి నీళ్లున్న ప్రతి చోటా అంచు వెంట సుద్దతో గీత గీయాలి. అలా 23 గుంటలు తేలాయి. అక్రిలిక్ బైండరు, సన్న ఇసుక, సిమెంటు కలిపిన మిశ్రమాన్ని గీత లోపల పోసి పొడవాటి బద్దతో ఈడ్చాలి. లోతెక్కువ ఉన్నవాటిని ఒకేసారి నింపితే మధ్యలో చీలుతుంది, అందుకని రెండు విడతలు. మళ్లీ ట్యాంకరు వదిలి చూస్తే నాలుగు చోట్ల నీళ్లు ఆగాయి. అవీ సరిచేయించి, మూడోసారి నీళ్లు వదిలాకే రంగు మేస్త్రీని రమ్మన్నాం.

స్తంభాలు, బోర్డులు, రింగులు: 1,94,200

స్తంభాలు రెండు, గాల్వనైజింగుతో: 1,24,000
ఎఫ్‌ఆర్‌పీ (ఫైబరుతో గట్టిపరిచిన ప్లాస్టిక్) బోర్డులు రెండు: 29,000
రింగులు రెండు: 12,400
నెట్లు నాలుగు: 1,400
స్తంభాల చుట్టూ మెత్తలు రెండు: 10,800
ఫౌండేషన్ బోల్టులు, వాటి ప్లేట్లు: 9,600
క్రేను అద్దె: 7,000

స్తంభాలకు మూడు కొటేషన్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువ చెప్పినవారిది ఐదంగుళాల పైపు, పైన మామూలు పెయింటు. దాన్ని వద్దనుకున్నాం. బోర్డు ముఖం ఎండ్ లైనుకు, అంటే రింగు వెనక కోర్టు చివరి గీతకు, 1.2 మీటర్లు లోపలికి ఉండాలి. మన స్తంభం లైనుకు 1.6 మీటర్లు వెనక, స్లాబు అవతల ఉంది. అంటే చేయి 2.8 మీటర్లు ముందుకు చాచాలి. ఎవరైనా రింగు పట్టుకుని వేలాడితే ఆ బరువంతా స్తంభం అడుగు మీద పడుతుంది. సన్న పైపు ఊగి ఊగి బేస్ ప్లేటు వెల్డింగు దగ్గర చీలుతుంది. పాత స్తంభం ఒరిగింది అక్కడే: నేలను తాకే చోట నీళ్లు నిలిచి, లోపలినుంచి తుప్పు తిన్నది. ఈసారి ఎనిమిదంగుళాల పైపు, వేడి జింకు పూత, నేలకు నాలుగంగుళాలు పైకి ఉన్న దిమ్మె. ఒక్కో దిమ్మె కింద పొడవూ వెడల్పూ 1.2 మీటర్ల చొప్పున, 1.5 మీటర్ల లోతు పునాది, అందులో 24 మి.మీ. బోల్టులు ఎనిమిది.

రింగు పై అంచు నేలకు సరిగ్గా 3.05 మీటర్లు, బోర్డు కింది అంచు 2.90 మీటర్లు. వాలు అడ్డంగా ఉంది కాబట్టి రెండు రింగుల కిందా నేల మట్టం ఒకటే. స్ప్రింగుతో వంగే రింగులు పెట్టొచ్చు కదా అని కుర్రాళ్లు అడిగారు. పైకప్పు లేని చోట స్ప్రింగు తుప్పు పట్టి, వంగిన రింగు వంగినట్టే ఉండిపోతుంది. ఆరుబయట కోర్టుకు కదలని రింగే మేలు.

చుట్టూ ఖాళీ మీటరే ఉంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధన ప్రకారం 2 మీటర్లు ఉండాలి, స్థలం లేదు. స్తంభాల మెత్తలకు పెట్టిన 10,800 అనవసరమని ఒక దాత రాశారు. పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేసిన (లేఅప్) పిల్ల ఆగేది ఆ స్తంభం దగ్గరే. ఈ పద్దులో తగ్గించడానికి మేం ఒప్పుకోలేదు.

రంగు, గీతలు: 2,01,600

ప్రైమరు 80 కిలోలు, 150 చొప్పున: 12,000
రీసర్ఫేసరు (రంగు కింద నేలను సమం చేసే పూత) 500 కిలోలు, 85 చొప్పున: 42,500
రంగు 350 కిలోలు, 165 చొప్పున: 57,750
సిలికా ఇసుక 300 కిలోలు, 18 చొప్పున: 5,400
గీతల పెయింటు 20 లీటర్లు, 320 చొప్పున: 6,400
మాస్కింగ్ టేపు: 2,160
పూత కూలీ 5,490 చ.అ., 11 చొప్పున: 60,390
గీతల కూలీ: 15,000

ప్రైమరు ఒకటి, రీసర్ఫేసరు రెండు, రంగు రెండు, మొత్తం ఐదు పూతలు. కొత్త కాంక్రీటుకు 28 రోజులు నిండాకే మొదలుపెట్టాం. ఇసుక కలపడం డబ్బు మిగుల్చుకోవడానికి కాదు. అది లేని రంగు మీద మంచు పడినా, చినుకు పడినా కాలు జారుతుంది. మరీ ఎక్కువైతే బంతి తోలు, మోకాళ్లు రెండూ గీరుకుపోతాయి. మార్చి మధ్యాహ్నం స్లాబు కాలిపోతూ ఉంటుంది, రబ్బరు పట్టీతో లాగుతుండగానే పూత ఆరిపోయి అతుకులు తేలతాయి. అందుకే మంచు ఆరిన దగ్గర్నుంచి తొమ్మిదిన్నర లోపలే పని, ముందుగా నేల మీద పలచగా నీళ్లు చిలకరించి.

గీతలు పాతవాటి మీద దిద్దలేదు, కొత్తగా కొలిచి వేయించాం. పాత కోర్టులో రింగు కింద చోటు ఇంకా బుట్టలా కిందికి వెడల్పయ్యే ఆకారంలో ఉంది, దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే త్రీ పాయింట్ గీత 6.25 మీటర్ల దగ్గర ఉంది. ఫీబా 2010 అక్టోబరు నుంచి రింగు కింద చోటును 4.9 మీటర్లు, 5.8 మీటర్ల దీర్ఘచతురస్రంగా, త్రీ పాయింట్‌ను 6.75గా మార్చింది. రింగు మధ్య నుంచి తూకం గుండు వదిలితే అది ఎండ్ లైను లోపలి అంచుకు 1.575 మీటర్ల దగ్గర పడాలి. అక్కడ మేకు పెట్టి తీగతో వంపు తిప్పాలి, సాగుతుంది గనుక నూలు తాడు పనికిరాదు. 6.75 గీత బయటి అంచుకు కొలత, లోపలి అంచుకు కాదు.

ఇతరాలు: 31,186

ఇంజనీరు అంచనా, లెవెల్ కొలతలు 6,000. రవాణా 11,400. నీళ్ల ట్యాంకర్లు ఎనిమిది, 700 చొప్పున 5,600. వీటిలో మూడు గుంటల పరీక్షకు, మిగతావి కొత్త కాంక్రీటు తడపడానికీ (క్యూరింగు) కడగడానికీ. రసీదు పుస్తకాలు, లెక్కల ఫ్లెక్సీ 2,950. ఆడిట్ ఫీజు 5,000. బ్యాంకు ఛార్జీలు 236.

మిగులు ఎక్కడుంది

పూత, గీతల కూలీలో పది శాతం, 7,539 రూపాయలు, ఖర్చులో రాశాం గానీ ఇంకా చెల్లించలేదు. ఒక వానాకాలం దాటి రంగు ఎక్కడా లేవకపోతే అక్టోబరులో ఇస్తాం. ఇదే పనివాళ్లతో ముందు రాసుకున్న ఒప్పందం. కాబట్టి బ్యాంకులో ఉన్నది 1,82,075: ఫిక్స్‌డ్ డిపాజిట్ 1,50,000, పొదుపు ఖాతాలో 32,075. చేతిలో నగదు లేదు.

ఆ డిపాజిట్‌తో లైట్లు పెట్టించమని చాలామంది అంటున్నారు. కోరిక న్యాయమైనదే. కానీ అక్రిలిక్ పూత ఎండకు ఐదారేళ్లలో పలచబడుతుంది, అప్పుడు రీసర్ఫేసరు ఒకటి, రంగు రెండు పూతలు మళ్లీ పడాలి. ఆ రోజు మళ్లీ ఇంటింటికీ తిరిగి అడగకుండా ఉండాలంటే ఈ డబ్బు కదపకూడదు. లైట్లకు వేరే ఖాతా పద్దు తెరుస్తాం. కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది మున్సిపాలిటీ రాతపూర్వకంగా చెప్పాకే చందా మొదలుపెడతాం.

నెట్లు, ఏడాదికోసారి బోల్టుల బిగింపు, కాలువ పూడిక పొదుపు ఖాతా నుంచి. కాలువ జూన్ మొదటి వారానికల్లా తీయించాలి. ఆకులతో అది నిండితే నీళ్లు మళ్లీ ఈశాన్యం మూలకే వస్తాయి.

కోర్టు మీద షామియానా మేకులు దిగ్గొట్టవద్దు, వంట పొయ్యిలు పెట్టవద్దు, ఎండలో బండ్లకు సైడ్ స్టాండు వేయవద్దు. మేకు చేసిన రంధ్రంలోంచి దిగిన నీళ్లు చుట్టూ అడుగు మేర రంగును లేపుతాయి. పండగ పందిళ్లకు పార్కు తూర్పు వైపు ఖాళీ స్థలం ఉంది.

2,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపూ బ్యాంకు ద్వారానే జరిగింది. బిల్లులు, కూలీ వోచర్లు, పాస్‌బుక్కు, మున్సిపల్ కమిషనర్ ఇచ్చిన అనుమతి పత్రం నకలు, దాతల జాబితా ఈ నెలాఖరు వరకు ఆదివారాల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పార్కు గదిలో ఉంటాయి. పేరు వద్దన్న దాతలకు రసీదు నంబరు మాత్రమే రాశాం. అభ్యంతరాలుంటే కాగితం మీద రసీదు నంబరు వేసి ఇవ్వండి, జవాబు నోటీసు బోర్డులో పెడతాం.

కోర్టు పునరుద్ధరణ కమిటీ