ఉంగరం సంగతి అడగడానికి కాదు

భీమవరం,
ఆదివారం రాత్రి

చిన్నోడా,

ఎలా ఉన్నావు నాన్నా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నకి మోకాలు నొప్పి తగ్గింది, మళ్ళీ సైకిల్ తీస్తానంటున్నారు. వద్దన్నాను. నువ్వు ఫోన్ చేసి పందొమ్మిది రోజులైంది. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు, క్యాలెండర్ వంటింట్లోనే వేలాడుతుంది కాబట్టి కళ్ళబడుతుంది.

నీ ఆఖరి మెసేజ్ గుర్తుందా? "అమ్మా, తక్కువలో సౌండ్ బాగుండే పాత కీబోర్డు ఏది?" అని పెట్టావు. నేను కళ్ళజోడు వెతుక్కుని ఇంత పొడుగున జవాబు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంతే. ఫోన్లో చెబితే "ఊ, ఊ" అంటూ ఇంకేదో చూసుకుంటావని కాగితం మీద రాస్తున్నా. వేరే సంగతేమీ లేదు. బుజ్జి నిశ్చితార్థంలో పెద్దత్త ఏదో అంది, అది తర్వాత. ముందు కీబోర్డు.

డబ్బా మీద 600 టోన్లు, 800 టోన్లు అని వేస్తారు, టోన్ అంటే ఒక్కో వాద్యం గొంతు. ఆ అంకెకి మురిసిపోకు. ఇన్నేళ్ళుగా చర్చిలో వాయిస్తున్నాను, నేను వాడింది ఐదు. పియానో, స్ట్రింగ్స్, హార్మోనియం, ఫ్లూటు, క్రిస్మస్‌కి గంటలు. యమహా పీఎస్ఆర్-ఈ వరసలో లిస్టు తిరగేస్తే ముందు ప్యానెల్ వాయిస్‌లు వస్తాయి, వెనకాల ఎక్స్‌జీ లైట్ అనే రకం టోన్లు బోలెడు ఉంటాయి. ముందువి శ్రద్ధగా చేసినవి. వెనకవి చాలామటుకు నీళ్ళ మజ్జిగ. క్యాసియో అంటే బొమ్మ అని మీ కుర్రాళ్ళు తీసిపారేస్తారు కానీ 2018లో సీటీ-ఎక్స్ వరస వచ్చాక ఆ మాట చెల్లదు. మన చంటి దగ్గరున్న సీటీ-ఎక్స్700 పియానో కళ్ళు మూసుకుని విను, ఎంత ఖరీదు ఉంటుందో చెప్పలేవు. దాని స్పీకర్లు మాత్రం చిన్నవి. అందుకే కొనడానికి వెళ్ళేటప్పుడు నీ హెడ్‌ఫోన్లు తీసుకెళ్ళు. పాతవాటికి పెద్ద పిన్ను రంధ్రం ఉంటుంది, కన్వర్టర్ కూడా జేబులో వేసుకో. నువ్వు మర్చిపోతావని నాకు తెలుసు. పార్సిల్లో ఒకటి పెట్టాను, పచ్చడి సీసా పక్కన కవర్లో ఉంటుంది.

బుజ్జి పెట్టిన ఫొటోలో నువ్వు గిటార్ పిల్లాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డావు. చిక్కిపోయావు. ఆ చెయ్యి నేను కాస్త పెద్దది చేసి చూశాను. సరేలే.

రెండు కీబోర్డుల మధ్య తేల్చుకోలేకపోతే ఇలా చెయ్యి. 1991లో జనరల్ మిడి అని ఒక పట్టిక వచ్చింది. 128 టోన్లు, దాన్ని పాటించే కీబోర్డు ఏ కంపెనీదైనా వరస అదే. 1 పియానో, 49 స్ట్రింగ్స్, 74 ఫ్లూటు, 105 సితార, 112 షెహనాయి. రెండిట్లోనూ ఆ 49 పెట్టి, ఎడమవైపు ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టు. మెమరీ మిగుల్చుకోడానికి స్వరంలో చిన్న ముక్క తీసి దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తారు. ముక్క మరీ చిన్నదైతే పాత పంకా తిరిగినట్టు గుయ్ గుయ్ మంటుంది. మంచిదైతే మనిషి ఊపిరిలా సాగుతుంది. తర్వాత ఒక్కో మెట్టూ పైకి ఎక్కుతూ పో. ఎక్కడో ఒకచోట గొంతు మారినట్టు ఉంటే, కింద ఒకడు పాడి పైన ఇంకొకడు అందుకున్నట్టు వినిపిస్తే, అక్కడ శాంపిల్, అంటే రికార్డు చేసిన ముక్క, మారిందన్నమాట. ఆ అతుకు ఎంత తక్కువ తెలిస్తే అంత మంచి సరుకు.

ఆ పట్టికలో సితార ఉంది, షెహనాయి ఉంది, హార్మోనియం మాత్రం లేదు చూశావా? 21లో రీడ్ ఆర్గాన్ ఉంటుంది, అది దూరపు చుట్టం. తబలా కూడా లేదు. అందుకే మనవాళ్ళ కోసం యమహా ఐ425, ఆ తర్వాత ఐ455, ఐ500 తెచ్చింది. క్యాసియో వాళ్ళు పేరు చివర ఐఎన్ అని తగిలిస్తారు. పాతవాటిలో అలాంటిది దొరికితే వదలకు. దొరక్కపోతే రెండు టోన్లు ఒకేసారి మోగించే డ్యూయల్‌లో రీడ్ ఆర్గాన్‌కి ఇంకో రీడ్ ఆర్గాన్ కలిపి, దాన్ని ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, దించు. తాతయ్య హార్మోనియం కాదు గానీ ఆదివారానికి పనికొస్తుంది.

తాతయ్య అంటే గుర్తొచ్చింది. నాటకాల్లో పద్యం సాగుతుంటే కుడిచెయ్యి మెట్ల మీద పరిగెత్తేది, ఎడమచెయ్యి గాలి కొట్టే బెలోస్ మీద. ఆ ఎడమచేతి ఉంగరం చెక్కకి తగిలి టక్కు టక్కుమనేది. పద్యం లేనప్పుడు కూడా నాకు ఆ చప్పుడే వినపడేది. ఆ చెక్క మీద సొట్ట ఇప్పటికీ ఉంది. ఊరికే చెబుతున్నా.

మన చర్చిలో నల్ల కీబోర్డు ఎలా కొన్నామో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదనుకుంటా. నువ్వు మూడో తరగతి. పాత కీబోర్డు వానకి తడిసి పోయింది, క్రిస్మస్ నెల రోజుల్లో ఉంది. రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రా ఆయన అమ్ముతున్నాడని రాజు మావయ్య కబురు తెచ్చాడు. నేనూ, బుజ్జి వాళ్ళమ్మా, మావయ్యా పొద్దున్నే బస్సెక్కాం. ఆయన హాల్లో కీబోర్డుని రెండు పెద్ద స్పీకర్లకి తగిలించి, ఎకో పెట్టి సిద్ధంగా ఉంచాడు. డెమో నొక్కాడు. అబ్బో! మావయ్య అయితే జేబులో చెయ్యి పెట్టేశాడు. నేను ఆగమన్నాను. డెమో అంటే కంపెనీ వాళ్ళు తమకి నచ్చినట్టు చేసి పెట్టుకున్న పాట, అది పెళ్ళిచూపుల నాటి చీర లాంటిది. "స్పీకర్లు తీసెయ్యండి, ఎకో తీసెయ్యండి, దాని సొంత గొంతు వింటాను" అన్నాను. ఆయనకి నచ్చలేదు. "మీరు పాడండమ్మా, నేను వాయిస్తా" అన్నాడు.

పాడాను. నాది ఐదున్నర శృతి అని నీకు తెలుసుగా. ఆయన ఒకటి శృతిలో, అన్నీ తెల్లమెట్లే సరిపోయే దాంట్లో, ఎత్తుకున్నాడు. ఇంకో పాట పాడాను, మళ్ళీ ఒకటే. మూడోది పాడితే ట్రాన్స్‌పోజ్ నొక్కి శృతి పెంచాడు కానీ వేళ్ళు తెల్లమెట్లు దాటలేదు. మన పాస్టరు గారు ఏ శృతిలో ఎత్తుకుంటారో ఆయనకే తెలీదు కదా, నాకు అన్ని మెట్లూ కావాలి. "ఒకటిన్నర శృతిలో, ఆ పక్క నల్లమెట్టు నుంచి వాయించండి" అన్నాను. ఆయన మంచినీళ్ళు తాగాడు. "నాకు ఒకటే అలవాటమ్మా" అన్నాడు. బుజ్జి వాళ్ళమ్మ నా వైపు చూసింది. నేనే లేచి వెళ్ళి, మధ్యలో ఆ నల్లమెట్టు మీద వేలు పెట్టాను. మెల్లగా నొక్కితే చప్పుడు లేదు. మళ్ళీ నొక్కితే లేదు. మూడోసారి ఢామ్మని మోగింది, లోపల గదిలో పసిబిడ్డ లేచి ఏడ్చింది.

ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. టచ్ ఉన్న కీబోర్డులో ప్రతి మెట్టు కిందా రబ్బరు పట్టీ ఉంటుంది, అందులో రెండేసి నల్ల చుక్కలు. మెట్టు నొక్కితే ఒకటి ముందు తగులుతుంది, రెండోది తర్వాత. ఆ రెండిటి మధ్య పట్టే సమయాన్ని బట్టి మెల్లగానా గట్టిగానా అని అది తేల్చుకుంటుంది. ఒక చుక్క కింద దుమ్ము చేరితే లెక్క తప్పి మూగబోతుంది, లేదా అరుస్తుంది. అందుకని టచ్ ఆన్ చేసి, 61 మెట్లూ ఒక్కొక్కటి మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కాలి. సిగ్గుపడకు. అమ్మేవాడు విసుక్కున్నా సరే. అది పెద్ద జబ్బు కూడా కాదు, ధర తగ్గించడానికి పనికొస్తుంది.

నాకు అలాగే పనికొచ్చింది. పన్నెండు వేలు చెప్పినవాడు ఏడున్నరకి దిగాడు. ఇంటికి తెచ్చి, నాన్న పడుకున్నాక, నేనూ రాజు మావయ్యా కింద మరలన్నీ విప్పాం. ఏ మర ఎక్కడిదో నువ్వు చేపల పుస్తకం వెనక అట్ట మీద బొమ్మ గీసి పెట్టావు, గుర్తుందా? ఆ నల్లమెట్టు కింద ఏముందో చెప్పు చూద్దాం. అక్షింతలు! పసుపు పచ్చగా ఏడెనిమిది గింజలు. ఎన్ని పెళ్ళిళ్ళలో వాయించాడో ఏమో పాపం. ఒక గింజ అయితే సరిగ్గా ఆ నల్ల చుక్కకి అంటుకుని ఉంది. మందుల షాపులో తెచ్చిన స్పిరిట్‌లో దూది ముంచి, పిండి, మెల్లగా తుడిచాను. రబ్బరు ఆరాక బిగించాం. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయాయి. ఆ కీబోర్డు పదకొండు క్రిస్మస్‌లు వాయించింది.

ఇంతకీ నేను చెప్పేదేంటంటే, మంచి సౌండుకి లక్షలు అక్కర్లేదు. వర్క్‌స్టేషన్ అనే కొత్త ఖరీదైన పెద్ద కీబోర్డు మీద నీ మనసు పడిందని చంటి నోరు జారాడు, వాణ్ణి తిట్టకు. ఆలోచించు. పాత కీబోర్డు వెనక యూఎస్‌బీ టు హోస్ట్ అని ఉంటే చాలు, దాన్ని నీ ల్యాప్‌టాప్‌కి తగిలించుకోవచ్చు. మెట్లు కీబోర్డువి, గొంతు కంప్యూటర్‌ది. ఉచితంగా దొరికే పియానోలే ఎన్నో ఉన్నాయి. అప్పుడు మెట్లు బాగున్నాయా లేదా అన్నదొక్కటే నువ్వు చూసుకోవాల్సింది. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 పాతది దొరికినా బాగుంటుంది, మన టోన్లు ఉంటాయి, కానీ దానికి స్పీకర్లుండవు. ఇంటికి తెచ్చాక "అమ్మా, మోగట్లేదు" అని ఫోన్ చెయ్యకు. లేదులే, అలాగైనా చెయ్యి.

అడాప్టర్ జాగ్రత్త. ఇది నీకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నా. చాలా పాత క్యాసియోలకి ఏడీ-5 అనే అడాప్టర్, తొమ్మిది వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. ఇలాంటి యమహాలకి ఎక్కువగా పన్నెండు వోల్టులు, మధ్యలో ప్లస్. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, దూరడం కూడా దూరతాయి. రంధ్రం పక్కన చిన్న బొమ్మ వేసి ఉంటుంది, అది చూడకుండా పెట్టావంటే పొగ వస్తుంది. అద్దె గదిలో ఒకే ప్లగ్గుకి అన్నీ తగిలించకు. కీబోర్డు కిటికీ పక్కన పెట్టకు. రాత్రి పన్నెండు దాకా వాయించి పొద్దున ఖాళీ కడుపుతో ఆఫీసుకి పరిగెత్తకు. టీ తాగి అదే టిఫిన్ అనుకోకు. ఇదంతా లెక్చర్ అనుకుంటావు, అనుకో.

సరే, పెద్దత్త మాట. అమీర్‌పేటలో బంగారం తాకట్టు పెట్టుకునే ఆఫీసు మెట్లు దిగుతూ నువ్వు వాళ్ళ అల్లుడికి కనబడ్డావట. పదిమందిలో, పులిహోర వడ్డించుకుంటూ అంది. నేను "వాడి స్నేహితుడికి పనుండి ఉంటుంది" అన్నాను. ఫొటోలో నీ వేలి మీద ఉంగరం ఉండే చోట తెల్లటి గీత ఉంది. కడిగేటప్పుడు తీసి పెట్టి ఉంటావు అని కూడా అనుకున్నాను. అమ్మే పనైతే నువ్వు చెయ్యవు, నాకు తెలుసు.

ఈ కాగితం నాన్నకి చూపించలేదు. కాబట్టి ఇంకోటి కూడా రాస్తున్నా. ఆ ఏడున్నర వేలల్లో క్వయర్ డబ్బులు నాలుగే. మిగతాది నా గొలుసు. రెండు పేటలది, అమ్మమ్మ పెట్టింది. మరమ్మతుకిచ్చానని నాన్నకి చెప్పాను. పద్నాలుగు నెలలు మెడలో పూసలతో తిరిగాను, ట్యూషన్ డబ్బులతో విడిపించాను. ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలిసినా ఏమీ అనరు, కానీ ఆ పద్నాలుగు నెలలూ ఎవరు తలుపు తట్టినా నాకు గుండె దడ. ఫోన్ మోగితే దడ. ఫోన్ ఎత్తబుద్ధి కాదు. అదొక్కటే నాకు బాధ, ఉంగరం కాదు.

పార్సిల్లో ఆవకాయ, కంది పొడి, సున్నుండలు, నీ నీలం స్వెట్టర్, కన్వర్టర్ పిన్ను, దూది, చిన్న సీసాలో స్పిరిట్ ఉన్నాయి. స్పిరిట్ మూత టేపు వేశాను, పొయ్యి దగ్గర తెరవకు. సున్నుండల డబ్బా అడుగున కవర్లో నాలుగు వేలు ఉన్నాయి, వడ్డీకి. రసీదు మీద గడువు తేదీ ఎప్పుడుందో చూసి నాకు పంపు. ఫొటో తీసి పంపినా చాలు.

అమ్మ