అమెరికా విదేశాంగ మంత్రి గారికి ఒక మిరప పురుగుల సైంటిస్టు రాస్తున్న బహిరంగ లేఖ

నమస్కారం సార్,

మీ ఫ్లోరిడాలో నాలుగు నెలలు పరిశోధన చెయ్యడానికి వీసా అడిగి, ఆగస్టు ఇంటర్వ్యూ తర్వాత ఔనో కాదో తెలీక కూర్చున్నవాడిని నేను. ఈ ఉత్తరం తెలుగులో ఎందుకంటే మీవాళ్ళు ఎలాగూ నా తెలుగు చదువుతున్నారు కాబట్టి. చదువుల వీసాలకీ, నాలాంటి పరిశోధకులు అడిగే జె-1 వీసాలకీ అప్లై చేసేవాళ్ళంతా తమ సోషల్ మీడియా అకౌంట్లని పబ్లిక్ లో పెట్టుకోవాలని 2025 జూన్ 18న మీ శాఖ చెప్పింది కదా, నేనూ పెట్టా. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన అకౌంట్లన్నీ రాయమంటే ఫేస్‌బుక్కు, ఎక్స్, మా అబ్బాయి సరదాకి తెరిచిపెట్టి వదిలేసిన షేర్‌చాట్ తో సహా గుర్తుతెచ్చుకుని మరీ రాశా. అంటే ఎక్కడో ఒక ఆఫీసులో తెలుగొచ్చినవాళ్ళో, తెలుగుని ఇంగ్లీషులోకి మార్చే మిషనో నా పోస్టులు చూస్తుండాలి. ఆ చూసేవాళ్ళు దయచేసి దీన్ని కూడా పైకి పంపండి.

ముందు ఆ పోస్టుల సంగతే చెప్తా, ఎందుకంటే నాకు నిద్రపట్టనిది వాటివల్లే. నేను గుంటూరు వైపు ఒక పరిశోధనా స్థానంలో కీటకశాస్త్రం వాడిని, మిరప పంట మీద పనిచేస్తా, రైతుల కోసం ఫేస్‌బుక్ లో నాలుగు ముక్కలు రాస్తుంటా. పోయిన సీజన్లో నేను పెట్టిన ఒక పోస్టు యథాతథంగా ఇదీ: "నల్లది ఒక్కటి కనబడినా వదలొద్దు. సరిహద్దు దగ్గరే ఆపాలి, లోపలికి వచ్చిందంటే ఇంక మన చేతుల్లో ఉండదు. ఊళ్ళో అందరూ మాట్లాడుకుని ఒకే రోజు కొట్టండి." రైతుకి ఇందులో అర్థంకానిది ఏమీ లేదు. నల్లది అంటే నల్ల తామర పురుగు, సరిహద్దు అంటే చేను చుట్టూ వేసే జొన్న వరసలు, కొట్టడం అంటే మందు కొట్టడం. కానీ అకౌంటు పబ్లిక్ చేసిన రోజు రాత్రి అనుమానమొచ్చి కింద ఉండే ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కి చూసుకున్నా. నొక్కకుండా ఉండాల్సింది. డిలీట్ చేద్దామా అంటే, డిలీట్ చేసినవాళ్ళు ఏదో దాచిపెట్టినట్టు లెక్క అని మా కొలీగ్ ఒకాయన భయపెట్టాడు, సరే ఉంచేశా. ఆయన మాత్రం తనవి ఆరేళ్ళనాటివి కూడా తీసేశాడు, అందులో సగం శ్రీరామనవమి శుభాకాంక్షలే.

ఈ పురుగు గురించి మీకు కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మీ ఇంటి సమస్య కూడా. త్రిప్స్ పార్విస్పైనస్ దీని పేరు, మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట రిపోర్టు చేశారు, అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, ఇటు ఖమ్మం, వరంగల్ వైపు మిరప చేలమీద ఒక్కసారిగా పడింది. అంతకుముందు మిరపలో తామర పురుగంటే పైముడత, ఆకు పడవలాగ పైకి ముడుచుకుంటుంది, రైతు చూడగానే గుర్తుపడతాడు, మందేంటో కూడా వాడికే తెలుసు. ఇది అలా కాదు, పూతలో దూరి కూర్చుంటుంది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లగా జీలకర్ర ముక్కల్లాగ పాకుతాయి, ఒక్కో పువ్వులో ఇరవై ముప్ఫై. మందు పైపైన పడుతుంది, పూత రాలిపోతుంది, కాయ నిలబడదు. ఆ ఏడాది మా బాబాయ్ నాలుగెకరాలు కౌలుకి తీసుకుని వేశాడు, రోజు మార్చి రోజు మందు కొట్టాడు, ఎకరానికి ఆరు క్వింటాళ్ళు కూడా దిగలా. కౌలు డబ్బులకి పిన్ని గాజులు పోయినయ్.

మరి మీ ఫ్లోరిడాకీ దీనికీ సంబంధం ఏంటంటే, 2020లోనే ఇది అక్కడ బయటపడింది, పూలమొక్కల నర్సరీల్లో. ఇప్పుడు మాండెవిల్లా, గార్డీనియా లాంటి మొక్కలు పెంచేవాళ్ళూ, క్యాప్సికం వేసేవాళ్ళూ మా బాబాయ్ లాగే తల పట్టుకున్నారు. అంతకుముందు 2005 ప్రాంతంలో మా పైముడత పురుగు కూడా ఫ్లోరిడా చేరి అక్కడ చిల్లీ త్రిప్స్ అనే పేరుతోనే స్థిరపడిపోయింది. అక్కడి యూనివర్సిటీ ఒకదాంట్లో ఒక ప్రొఫెసరమ్మ ఈ నల్లదాన్ని తినే మిత్ర పురుగుల మీద పనిచేస్తోంది, ఏ మందుకి ఇది లొంగుతుందో దేనికి మొండికేస్తుందో మా దగ్గర నాలుగు సీజన్ల లెక్కలున్నాయి, ఆమె దగ్గర ఆ మిత్ర పురుగుల్ని పెంచే పద్ధతి ఉంది. ఇద్దరం ఈమెయిల్లో పరిచయం. నాలుగు నెలలొచ్చి పనిచెయ్యి అంది. ఖర్చంతా మా కేంద్ర ప్రభుత్వం ఫెలోషిప్, మీది ఒక్క డాలర్ లేదు.

ఇక కాగితాల సంగతి. ఆ యూనివర్సిటీ వాళ్ళు జె-1 వీసాకి కావాల్సిన డీఎస్-2019 అనే కాగితం ఇచ్చారు, అది చేతికొచ్చాక విదేశీ విద్యార్థుల, స్కాలర్ల రికార్డులుంచే సెవిస్ కి ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, మా డబ్బుల్లో రెండూ కలిపి 35 వేలు దాటింది. దీనిమీద ఇంకో 250 డాలర్ల ఫీజు అని 2025 జులైలో చట్టం చేశారంట, అది ఎప్పుడు మొదలైతే అప్పుడు చూసుకుందాం. మా యూనివర్సిటీ నుంచి ఎన్‌ఓసీ, ప్రొసీడింగ్స్, ఆన్ డ్యూటీ ఆర్డర్లు తెచ్చుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది, అది మా తలనొప్పి, మీమీద వెయ్యను. ఇన్సూరెన్స్ మాత్రం మీ రూలే. జబ్బుకో ప్రమాదానికో లక్ష డాలర్లు, అర్జెంటుగా వెనక్కి తరలించాల్సొస్తే 50 వేలు, మనిషి పోతే శవాన్ని ఇంటికి పంపడానికి 25 వేల డాలర్లు కవర్ ఉండాలి. రూలు మంచిదే, కాదనను. కాకపోతే ఆ పాలసీ కాగితం డైనింగ్ టేబుల్ మీద పెట్టి స్నానానికెళ్ళా, వచ్చేసరికి మా ఆవిడ ఆ 25 వేల లైన్ దగ్గర ఆగిపోయి ఉంది. "పురుగుల కోసమేగా వెళ్ళేది, ఇదేందండీ" అంది. ఏం చెప్పాలో తెలీక రూలు అన్నా.

కేటగిరీ గురించి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది మోసపోతారు. ఆరు నెలలు దాటని వాళ్ళకి షార్ట్ టర్మ్ స్కాలర్ అని ఒకటుంది, దాన్ని ఆ ఆరు నెలలు దాటి పొడిగించడం కుదరదు. రీసెర్చ్ స్కాలర్ అయితే ఐదేళ్ళదాకా ఉండొచ్చు, కానీ మూడు నెలలుండి ముగించుకుని వచ్చేసినా సరే మళ్ళీ అదే కేటగిరీలో వెళ్ళాలంటే 24 నెలలు ఆగాలి. తెలీక రీసెర్చ్ స్కాలర్ లో వెళ్ళొచ్చి, మరుసటి ఏడు ప్రయోగం రెండో విడతకి పిలిస్తే పోలేక కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. పంటల మీద పనంటే ఒక్క సీజన్ తో అయ్యేది కాదు కదండి, రెండు సీజన్లు చూడందే ఏ జర్నలూ వేసుకోదు. నాకు షార్ట్ టర్మ్ ఇచ్చారు, ఆ ప్రొఫెసరమ్మ చలవ.

జె-1 మీద వెళ్ళొచ్చాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి అనే రూలు కూడా ఉంది, మీ చట్టంలో 212(ఇ). 2024 డిసెంబర్ 9న మీ శాఖ మార్చిన స్కిల్స్ లిస్టులో, అంటే ఏ దేశాల వాళ్ళకి ఆ రూలు పెట్టాలో చెప్పే లిస్టులో, ఇండియా పేరు తీసేశారు, చాలామందికి ఊరట, కానీ గవర్నమెంటు డబ్బుతో వెళ్ళేవాళ్ళకి ఆ రూలు అలాగే ఉంది కాబట్టి నాకు వర్తిస్తుంది. వర్తించనీండి. నేను రెండేళ్ళు కాదు రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంటా, నా పురుగులు ఇక్కడున్నాయి, నా రైతులు ఇక్కడున్నారు. తిరిగొస్తానని నమ్మరేమో అని పట్టాదారు పాస్ పుస్తకం కూడా ఫైల్లో పెట్టుకెళ్ళా, ఎవరూ చూడలేదు.

ఇంటర్వ్యూ ఆగస్టులో. మే ఆఖర్లో కొత్త స్లాట్లు ఆపేశారు కదా, జూన్లో తెరిచాక కూడా దొరకడం గగనమైంది, రాత్రి పన్నెండింటికి లేచి లేచి చూసి పట్టుకున్నా. ఏ ఊళ్ళో అన్నది రాయను, ఆ కిటికీ వెనకున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఏం పరిశోధన అంది, మిరపలో పురుగు అన్నా. ల్యాబులో ఏం చేస్తారు అంది. పురుగుమందుని తట్టుకునే జీన్లు చూస్తాం అన్నా. ఇంగ్లీషులో అనేటప్పటికి జీను, మందు, తట్టుకోవడం మూడూ ఒకే వాక్యంలో పడ్డాయి, ఆమె టైపు చెయ్యడం ఆపింది. మా సీనియర్ ఒకాయన ముందే చెప్పాడు, మిరపకాయ అని చెప్పి ఊరుకోరా, అంతకుమించి అడిగితే కారం అను అని. నిజం చెప్పాలి కదా అని చెప్పా. మూడు నిమిషాలు కూడా కాలేదు, ఒక స్లిప్ ఇచ్చింది, దానిమీద 221(జి) దగ్గర టిక్కు.

సార్, దాని అర్థం నాకు తర్వాత తెలిసింది, ఇంకా పరిశీలనలో ఉంది అని. కానీ వెబ్‌సైట్లో కేసు నంబర్ కొడితే రెఫ్యూజ్డ్ అని వస్తుంది. ఇవ్వం అని చెప్పడం కాదు, ఇస్తామని చెప్పడమూ కాదు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూస్తా, అదే మాట. ఇప్పుడు నవంబర్. డీఎస్-2019 లో మొదలయ్యే తేదీ అక్టోబర్ 1 ఉండేది, ఆ ప్రొఫెసరమ్మ బతిమాలి నవంబర్ కి మార్పించింది, ఇప్పుడు డిసెంబర్ కి మార్పిస్తోంది. మార్చినప్పుడల్లా ఇక్కడ ఆన్ డ్యూటీ ఆర్డర్ మళ్ళీ మార్చాలి, దానికి ఫైలు మళ్ళీ ఐదు టేబుళ్ళు తిరగాలి. టికెట్ క్యాన్సిల్ చేస్తే సగం డబ్బులొచ్చినయ్. ఫెలోషిప్ మార్చి 31 లోపు వాడకపోతే ల్యాప్స్. వీటన్నిటికన్నా అసలు విషయం, ఆమె ల్యాబులో నాకోసమని అదనంగా పెంచుతున్న మిత్ర పురుగులున్నాయి, అవి చలికాలం పంట మీద వదలాలి, అక్కడ చేలో క్యాప్సికం పూతకొచ్చేసింది. పువ్వుకి 221(జి) ఇస్తే ఆగదు కదా.

మొన్న ఆదివారం ఊరెళ్తే బాబాయ్ గట్టుమీద కూర్చుని జిగురు అట్టలు కట్టుకుంటున్నాడు, నీలం రంగువి, నేనే తెచ్చిచ్చా. "ఏరా అబ్బాయ్, అమెరికా పోలా?" అన్నాడు. ఇంకా చూస్తున్నారు బాబాయ్ అన్నా. "ఏం చూస్తున్నారు?" అంటే నన్నే అన్నా. ఆయన కాసేపు ఆలోచించి "బ్యాంకోడు లోనుకి నయం, ఇయ్యను పోరా అని మొహాన చెప్తాడు, పోయి ఇంకోచోట చూసుకుంటాం" అన్నాడు.

నేను అడిగేది కూడా అంతే సార్. తనిఖీ చెయ్యొద్దనట్లేదు, మీ దేశం, మీ ఇష్టం. మావాళ్ళలో దొంగ సర్టిఫికెట్లు పెట్టినవాళ్ళు ఉన్నారు, క్లాసుకి పోకుండా పెట్రోల్ బంకుల్లో పనిచేసినవాళ్ళు ఉన్నారు, అది మాకు మీకంటే ముందు తెలుసు. చదువులకొచ్చే ఎఫ్ వీసాల వాళ్ళకీ, జె వీసాల వాళ్ళకీ నాలుగేళ్ళు మించకుండా తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో మీ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది కదా, అంటే వచ్చినవాడు ఎప్పుడు పోవాలో ముందే తేదీ ఉండాలనేది మీ వాదన. మంచిది, మరి వచ్చేవాడికి జవాబు ఎప్పుడు వస్తుందో కూడా ఒక తేదీ పెట్టండి. ఆరు నెలలు దాటని స్కాలర్ కి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లో ఔను, కాదు, రెండిట్లో ఒకటి. కాదంటే నేను ఆమెకి రాసేస్తా, మా దగ్గరున్న లెక్కలు ఫైలు చేసి పంపేస్తా, ఆమె ఇంకొకర్ని పెట్టుకుంటుంది, ఫెలోషిప్ మావాళ్ళకి తిరిగి ఇచ్చేస్తా, అది ఇంకో కుర్రాడికి పనికొస్తుంది. ఇప్పుడు ఇవేవీ చెయ్యలేకపోతున్నా. నామీద అనుమానం ఉంటే ఏంటో అడగండి, ఒక్క ఈమెయిల్ చాలు, ఆ జీన్ల పేర్లన్నీ రాసిస్తా, మా పేపర్లు ఎలాగూ అచ్చయ్యే ఉన్నాయి.

మీరు నన్ను కొత్తగా చూస్తున్నారేమో గానీ మీకూ మాకూ ఈ రాకపోకలు పాతవే. మా భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో హార్వర్డ్ లో ట్రాపికల్ మెడిసిన్ చదవడానికి బోస్టన్ లో దిగి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేసుకుంటూ చదువుకున్నారు, ఆయన్నుంచి మీరూ ప్రపంచమూ ఏం పొందారో మీకు చెప్పక్కర్లేదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మీ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు కుటుంబాలతో సహా వచ్చి రాజేంద్రనగర్ లో ఏళ్ళ తరబడి ఉన్నారు. నేను చదివిన సిలబస్ కి మూలం వాళ్ళు వేసిందే. అప్పుడు వాళ్ళ వీసాలు మావాళ్ళు ఎన్నాళ్ళకి ఇచ్చారో నాకు తెలీదు గానీ వరి నాట్లు అయ్యేలోపు ఇచ్చే ఉంటారు.

డిసెంబర్ 15 దాటితే నాకు ఇంక ఆ వీసాతో పనిలేదండి, ఈ సీజన్ కి అక్కడ చేసేదేమీ ఉండదు. అప్పటికీ తేలకపోతే ఇంటర్వ్యూ రోజు తీసుకున్న పాస్‌పోర్ట్ వెనక్కి పంపించేయండి, బ్యాంకులో కేవైసీకి అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక కీటకశాస్త్రవేత్త,
గుంటూరు జిల్లా

తా.క. తర్జుమా చేసే మిత్రులకి: నిన్న పెట్టిన పోస్టులో "తెల్లారేలోపు గుంపుల్ని లేపేయాలి, ఉదయం పదిదాటితే దొరకవు" అని ఉంటుంది. అది కూడా తామర పురుగు గురించే. ఎండెక్కితే పూతలోపలికి పోతాయి.