బాపుకు సోయి వచ్చినంక

హన్మకొండ
ఆదివారం రాత్రి

శీనూ,

కరీంనగర్ దవాఖాన ఐసీయూలకెళ్లి బాపు ఇంటికొచ్చినంక నువ్వు వాట్సాప్‌ల పంపిన డిశ్చార్జి కాయితాలన్నీ చదివిన. బాపుకు పిచ్చి లేసిందా, ఎవలన్న ఏమన్న చేసిండ్రా అని ఫోన్ల నువ్వడిగినదానికి "ఆగు, కూసొని రాస్త" అన్న కద, అందుకే ఇది. ఫోన్ల చెప్తె గాబరాల సగం నీకే ఎక్కదు, మిగిలిన సగం అవ్వకు చేరేటాళ్లకు ఇంకోటైతది. దీన్ని నిమ్మళంగ చదువు, అవ్వకు, చెల్లెకు గూడ చదివి వినిపియ్యి.

ముందుగాల అసలు ముచ్చట. బాపుకు పిచ్చి లేవలేదు. ఆయనకు ఎవలూ ఏమీ చెయ్యలేదు. మంచం చుట్టూ చీమలు పాకుతున్నయనుడు, ఎప్పుడో పోయిన మీ చిన్నాయన వచ్చి కాళ్లకాడ కూసున్నడనుడు, నర్సమ్మలు నన్ను అమ్ముకుంటున్నరని నీ చెయ్యి పట్టుకొని ఏడ్చుడు, ఇదంత మేము ఐసీయూల రోజూ చూసేదే. డెలీరియం అంటరు దాన్ని. ఒంట్ల ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఆక్సిజన్ తక్కువైన గంటలు, నిద్రమందులు, రాత్రీ పగలూ ఒక్కతీర్గ వెలిగే లైట్లు, అన్నీ కలిసి మెదడును ఆగమాగం చేస్తయి. అమెరికాల నాష్‌విల్ డాక్టర్లు 821 మంది పేషెంట్లను ఏడాది దాక వెంబడించి చూసిండ్రు, 2013ల అచ్చయింది. అండ్ల నూటికి 74 మందికి దవాఖానల ఉన్నప్పుడే ఇది వచ్చింది. అంటె అంత జబ్బుల రాకుండ ఉండుడే తక్కువ.

అవ్వ బాణామతి అనుకుంటున్నదని చెప్పినవ్. ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంటనంటె మొక్కుకోనియ్యి, నేనెందుకు కాదంట. కని మంత్రగాని కాడికి మాత్రం తీస్కపోవద్దురా. పొగ పెట్టి, నిద్ర చెడగొట్టి, ఉపాసం ఉంచితె ఇప్పుడిప్పుడే తేటపడుతున్న మతి మళ్ల మొదటికొస్తది.

"మరి దానికి మందియ్యలేదేంది" అన్నవ్. చానేండ్లు అందరం ఇచ్చినం, హాలోపెరిడాల్ అని ఒక సూది. 2018ల దాని మీద పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఆ సూది పొడిచినోళ్లకూ, వట్టి సెలైన్ నీళ్లు ఎక్కించినోళ్లకూ డెలీరియం ఒక్కతీర్గనే ఉన్నది, ఒక్కరోజు గూడ తక్కువ కాలే. అందుకని ఇప్పుడు మనిషి మరీ ఎగబడి పైపులు పీక్కుంటె తప్ప దాని జోలికి పోము. పనికొచ్చేవి చిన్నచిన్నవి. రాత్రి లైట్లు ఆర్పుడు, కండ్లద్దాలు పెట్టుడు, చెవి మిషన్ పెట్టుడు, ఇయ్యాల ఏ వారమో చెప్పుడు. మతి నిలుస్తున్నదా చూసుటానికి పొద్దున రౌండ్ల నేను ప్రతి మంచం కాడ చెయ్యి పట్టుకొని "అక్షరాలు చదువుత, 'అ' అని వినపడ్డప్పుడల్ల నా చెయ్యి పిసుకు" అంట. మొన్నొక రిటైరైన పంతులు, జిందగంత పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, ప్రతి అక్షరానికీ పిసికిండు. ఆయన బిడ్డను పిలిచి ఇంట్ల ఉన్న అద్దాలు తెప్పిచ్చినం, మధ్యాహ్నం పూట పక్కన కూసోబెట్టినం. ఇంకో రెండు రోజులకు ఒక్క 'అ' తప్పలే. అద్దాలతోనే అయిందని నేననను, జ్వరం గూడ తగ్గింది. కని ఆ బిడ్డ గొంతు విన్నప్పుడు ఆయన మొఖం మారుడు నేను కండ్లార చూసిన.

రోజూ పొద్దున నిద్రమందు బంద్ చేసి బాపును లేపిండ్రని, దగ్గుకుంట గిలగిల కొట్టుకున్నడని నీకు కోపమున్నది. చూసేటోళ్లకు గోసనే, నేను ఒప్పుకుంట. కని అది కావాలని చేసిన మంచి పని. 2000ల షికాగోల 128 మందిని రెండు గుంపులు చేసిండ్రు. రోజూ ఒకసారి మందు ఆపి లేపిన గుంపు సగటున ఐదు రోజులల్ల వెంటిలేటర్ మీదికెళ్లి బయటపడ్డది, లేపనోళ్లకు ఏడు రోజుల పైన పట్టింది. ఏ నిద్రమందు మంచిదన్నది ఇంకా తెగలే. 2025ల బ్రిటన్‌ల 1,404 మంది మీద పాత మందు ప్రొపొఫాల్‌నూ, ఇంకో రెండు మందులనూ పోల్చి చూసిండ్రు, పైపు తొందరగ తీసుట్ల ఏదీ దాన్ని మించలే. నన్నడిగితె ఏ మందన్నదానికంటె ఎంత తక్కువిస్తున్నమన్నదే ముఖ్యం.

బోర్ల పడుకోబెట్టుడు సంగతి గూడ గిదే. "ముసలాయనను బట్టల మూటలెక్క తిప్పిండ్రు" అన్నవ్ కద, అది ఎంత కష్టమైన పనో నీకు తెల్వది. తలకాడ ఒకడు నిలబడి నోట్ల పైపును రెండు చేతులతోని పట్టుకుంటడు, కండ్లు దాని మీదికెళ్లి తియ్యడు. అటిద్దరు ఇటిద్దరు దుప్పటి అంచులు చుట్టుకొని పట్టుకుంటరు. తలకాడున్నోడు ఒకటి, రెండు, మూడు అంటేనే కదులుడు. ముందు పక్కకు జరుపుడు, తర్వాత ఒక బాజుకు, తర్వాత బోర్ల. మొఖం కింద, ఛాతి కింద, మోకాళ్ల కింద మెత్తలు. కండ్లకు టేపు. కరోనా రెండో వేవ్‌ల పీపీఈ కిట్ లోపల చెమట కారుకుంట చేసినం ఈ పని, ఇప్పటికీ నా నడుము గుర్తుచేస్తది. ఎందుకంటె వెల్లకిల పండుకుంటె ఊపిరితిత్తుల వీపు దిక్కు భాగమంత అణిగిపోతది, బోర్ల వేస్తె అది విచ్చుకుంటది. ఫ్రాన్స్ డాక్టర్లు 2013ల చూపిచ్చిండ్రు. ఊపిరితిత్తులు బాగ చెడిన 466 మందిల, రోజూ కనీసం 16 గంటలు బోర్ల ఉంచినోళ్లు 28 రోజులల్ల నూటికి 16 మంది పోతె, వెల్లకిల ఉంచినోళ్లు దాదాపు 33 మంది పోయిండ్రు. సగానికి సగం, శీనూ. సూది కాదు, గోలి కాదు, ఐదుగురి చేతులు.

వెంటిలేటర్ మిషన్ గూడ ఎంత గాలి కొడితె అంత మంచిదని మా సీనియర్లు అనుకునేది. బాపుకు వచ్చింది ఏఆర్‌డీఎస్, అంటె ఊపిరితిత్తులు ఉన్నట్టుండి బాగ దెబ్బతినుడు, అండ్ల ఊపిరితిత్తుల కొంచెం జాగనే తెరిచి ఉంటది, మిగిలినదంత నీరు పట్టి మూసుకపోతది. ఎకరం మొత్తానికి పారే నీళ్లను ఒక్క మడిలకే వదిలితె గట్టు తెగదా? గట్లనే ఊపిరితిత్తి చినుగుతది. 2000ల అమెరికాల 861 మంది మీద చూసిండ్రు. ఒక్కో దమ్ముకు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఊదిన గుంపుల నూటికి దాదాపు 40 మంది పోతె, 6 చొప్పున ఊదిన గుంపుల 31 మంది పోయిండ్రు. ఆ కిలోలు తూకం కిలోలు గాదు, ఎత్తును బట్టి కట్టేటివి. మనిషి లావైతె పొట్ట పెరుగుతది గని ఊపిరితిత్తి పెరగది. అందుకే పండుకున్నోనికి టేపు పెట్టి కొలుస్తం. బాపు ఐదడుగుల ఆరంగుళాలు, లెక్కకు 64 కిలోలు, ఒక్క దమ్ముకు 380 చిల్లర మిల్లీలీటర్లు. ఆయన కాయితాల్ల 380 అనే ఉన్నది. కరీంనగర్ల ఆ పని సరిగ్గ చేసిండ్రు, నీ కోపం కొంచెం దించుకో.

ఆక్సిజన్ 92 మీదనే పెట్టిండ్రని గూడ రంది పడ్డవ్. మొన్న 2025ల బ్రిటన్‌ల 97 ఐసీయూలల్ల సుమారు 16,500 మందిని చూసిండ్రు. 90 చుట్టుపక్కల ఉంచినోళ్లకూ, మామూలు పద్ధతిల ఎక్కువిచ్చినోళ్లకూ చావుల లెక్కల తేడా రాలేదు. వంద కనపడలేదని బుగులు పడేది లేదు.

మన వరంగల్ గూడ ఈ పరిశోధనలల్ల ఉన్నది, కని ఏ కారణంతోనో తెలిస్తె కడుపుల దేవుతది. 1997 నుంచి 2002 దాక ఇక్కడి సర్కారు దవాఖానల 8,040 మంది పురుగుల మందుతోని చేరితె నూటికి 22 మంది పైన బతకలే. చేరినోళ్లల మూడింట రెండు వంతులు ముప్పై ఏండ్ల లోపోళ్లు. ఆ పేపర్ల ఒక మాటున్నది, ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ సూదిని చానమందికి మనిషిని బట్టి పెంచకుండ ఒక్కతీర్గ తక్కువ డోసుల ఇచ్చిండ్రని. తర్వాత 2012ల బంగ్లాదేశ్‌ల 156 మంది మీద చూసిండ్రు. పాత పద్ధతిల నూటికి 22 మంది పైన పోతె, డోసును కొన్ని నిమిషాలకోసారి రెట్టింపు చేసుకుంట, ఛాతి మీద స్టెతస్కోప్ పెట్టి నీరు తేటపడేదాక పక్కనే ఉండి, తర్వాత డ్రిప్పుల పెట్టినోళ్లు 8 మందే పోయిండ్రు. మందు పాతదే, అగ్గువదే. పక్కన నిలబడ్డ మనిషి కొత్త. ఇరవై ఏండ్ల పోరల పక్కన నేను గట్ల నిలబడ్డ రాత్రులు ఉన్నయి. అట్రోపిన్ జెర ఎక్కువైతె వాళ్లు గూడ గాల్ల ఏదో ఏరుకుంటరు, మాట్లాడుకుంటరు, బయట తల్లులు దయ్యం పట్టిందంటరు. అప్పుడు గూడ నేను అవ్వకు చెప్పిన మాటే చెప్త.

ఇగ బాపు నిలబడలేకపోవుడు. లండన్ల అల్ట్రాసౌండ్ పెట్టి చూసిండ్రు, ఐసీయూల పది రోజులకు తొడ కండ నూటికి 18 వంతుల దాక తరుగుతది. బాపు వారం దాటి పండుకున్నడు. కండ మళ్ల పట్టాలె. రోజుకు రెండు గుడ్లు, పప్పు, పాలు, మాంసం తింటె ఇంకా మంచిది. నడిపియ్యి, కని పంతం పట్టకు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి వాకిట్లకు. ఐసీయూలనే గట్టిగ నడిపిస్తె ఇంకా లాభమేమోనని 2022ల 750 మందితోని పరీక్ష చేస్తె, లాభం లేకపోంగ గుండె దడ, బీపీ పడుడు అసుంటివి ఎక్కువైనయి. అలిసిండంటె ఆపు.

యాది సంగతి నీకు దాయను. నాష్‌విల్ వాళ్ల లెక్కల ఏడాది దాటినంక గూడ సుమారు నలుగురిల ఒకరికి తొలిదశ అల్జీమర్స్ ఉన్నోళ్లకున్నంత మతిమరుపు మిగిలింది. డెలీరియం ఎన్ని రోజులుంటె అంత ఎక్కువ. బాపుకు నాలుగైదు రోజులే ఉన్నట్టు కాయితాలు చెప్తున్నయి, అది మంచిదే. బ్యాంకు పాస్‌బుక్కు, షుగరు గోలీలు కొన్నాళ్లు నువ్వే చూసుకో, ఆయన ముంగట "మర్చిపోయినవా బాపూ" అని మాత్రం అనకు.

చీమల ముచ్చట తీస్తె వాదన పెట్టుకోకు, నవ్వకు. ఆయనకు అవి నిజంగ కనపడ్డయి. ఒక నోటుబుక్కుల ఏ రోజు ఏమైందో రాసిపెట్టు, ఎప్పుడు పైపు వేసిండ్రు, ఎప్పుడు చెల్లె వచ్చింది, ఎప్పుడు మొదటిసారి కండ్లు తెరిచిండు. గిట్ల డైరీ రాసి ఇస్తె తర్వాత ఆ రోజుల భయాలు వెంటాడుడు తగ్గుతదని 2010ల యూరప్‌ల ఒకటి చెప్పింది, 2019ల ఫ్రాన్స్‌ది తేడా లేదన్నది. నేనైతె రాయమనే అంట. తన జిందగిల మాయమైన ఆ రోజులను ఎవరో ఒకరు చెప్పాలె కద.

నీ ఒక్క కోపం మాత్రం పూర్తిగ న్యాయం. అవ్వను గేటు బయట కూసోబెట్టి, రోజుకు ఐదు నిమిషాలే లోపలికి పంపుడు. ఇది ఒక్క దవాఖానది గాదు, మా దగ్గర చాన ఐసీయూలల్ల గిదే రివాజు. ఇన్‌ఫెక్షన్ వస్తదంటరు. బ్రెజిల్ల 36 ఐసీయూలల్ల ఇంటోళ్లను రోజుకు 12 గంటల దాక ఉండనిచ్చి చూసిండ్రు, 2019ల వచ్చింది. డెలీరియం తగ్గలే, నిజమే. కని ఇన్‌ఫెక్షన్లు గూడ పెరగలే, ఇంటోళ్ల భయం, దిగులు తగ్గినయి. చేతులు కడుక్కొని కూసున్న భార్యతోని ఎవలకేం నష్టం? మా యూనిట్ల మధ్యాహ్నం పూట ఒకరిని కూసోనియ్యాలెని నేను కొట్లాడుతున్న. కొందరు నర్సులు మొదట్ల మొఖం మాడ్చిండ్రు, ఇప్పుడు "వాళ్లుంటె పేషెంటు పైపు పీకడు సార్" అని వాళ్లే అంటున్నరు. పొద్దంత కావాలెని అడుగుతున్న, ఒప్పుకునేదాక అడుగుత.

వచ్చే నెల మొదటి వారం బాపును తీస్కరా. హుజూరాబాద్ మీదికెళ్లి కారు మాట్లాడుకో, బస్సు వద్దు. ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఆయన కండ్లద్దాలు తెచ్చుకో. నడక చూస్త, యాది పరీక్ష చేస్త, నిద్ర గోలీ ఇంకా అవసరమా చూస్త. అవ్వను గూడ ఎంబడి తీస్కరా, ఆమె నిద్రపోయి ఎన్ని రాత్రులైందో ఎవలూ అడిగినట్టు లేరు. అన్నం మా ఇంట్లనే.

నీ దోస్తు,
సుధాకర్